సింహాచలంగారికి గారెలు

రెండువేల పంతొమ్మిదవ సంవత్సరం, నవంబరు పన్నెండవ తేదీ, మంగళవారం. కాజిల్‌బార్ పట్టణం మీద తెల్లవారినప్పటి నుంచి ముసురు పట్టి ఉంది. ముసురు అన్న మాటను ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వాడాలి. తెలుగులో జల్లు వేరు, తుంపర వేరు, ముసురు వేరు. జల్లు వచ్చి పోతుంది. తుంపర ముఖం మీద తెలుస్తుంది. ముసురు మనసు మీద తెలుస్తుంది. ఐర్లండు పడమటి తీరానికి దగ్గరగా ఉన్న ఈ ఊళ్ళో మూడూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని వస్తాయి కనుక, ఇక్కడివాళ్ళు వాన వచ్చిందని చెప్పుకోరు. రానినాడు మాత్రం ఒకరికొకరు ఆ సంగతి చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం జానకిరామ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తడిసిన కోటు తలుపు దగ్గరే వదిలి, ఎవరినీ తాకకుండా తిన్నగా స్నానాలగదిలోకి వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకున్నాడు. అతని భార్య చంద్రకళ మేడమీది గదిలో కూర్చుని ఒక డబ్లిన్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తుంది. నీళ్ళ చప్పుడు విని ఆమె సగం మెట్లు దిగింది. మంగళవారం సాయంత్రం తలస్నానం చేయడమనేది ఆ ఇంట్లో లేదు. తడితలతో బయటికి వచ్చిన భర్తను చూడగానే ఎవరో పోయారని ఆమెకు అర్థమైపోయింది. అటువైపు పెద్దలూ ఇటువైపు పెద్దలూ వరుసగా ఆమె కళ్ళముందు నడిచి వెళ్ళారు.

"ఎవరండీ?" అంది, గొంతు తగ్గించి.

"సింహాచలంగారు."

బంధువుల్లో సింహాచలం ఎవరా అని ఆమె కాసేపు వెతుక్కుంది. దొరకలేదు. దొరకకపోయేసరికి అసలు మనిషి దొరికాడు. ఆమె మెట్టుమీద కూలబడి, నవ్వవచ్చునో లేదో తేల్చుకోలేక కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

"సినిమాల్లో వేసే సింహాచలమా? ఆయన మీకేమవుతాడని నీళ్ళు పోసుకున్నారు?"

ఏమవుతాడు అన్న ప్రశ్న మనవాళ్ళకు సహజమైనది. చావుకబురు వచ్చినప్పుడు మనం మొదట అడిగేదే అది. వరుస తెలిస్తే ఎన్నాళ్ళు మైల పట్టాలో, వెళ్ళాలో, ఫోను చేస్తే చాలునో తెలుస్తుంది. దుఃఖానికి ఒక కొలత దొరుకుతుంది. జానకిరామ్ తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మధ్యాహ్నం క్యాంటీనులో ఫోను తెరవగానే వార్త కనిపించింది. ఇంటికి వస్తూ దారి పొడుగునా అతను వెతుక్కున్నదీ ఆ వరుసే.

ద్వారపూడి సింహాచలాన్ని ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. ఆయన పేరు పోస్టరు మీద ఎప్పుడూ పడలేదు. సినిమాలో పెళ్ళి జరుగుతూ ఉంటుంది, అందరూ విస్తళ్ళముందు కూర్చుంటారు. అప్పుడు బూడిదరంగు చేతుల్లేని కోటు తొడుక్కున్న ఒక పెద్దమనిషి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెడ ముందుకు చాపి, పందిట్లోకి నడిచివస్తాడు. ఆయనను ఎవరూ పిలవలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. వంటకాల వైపు చూడడు. పందిరి గుంజలను, వాటికి కట్టిన మామిడాకులను శ్రద్ధగా పరీక్షిస్తాడు. చివరికి ఎవరైనా పలకరిస్తే, "నేను భోజనానికి రాలేదండీ. ఇటుగా పోతూ..." అని ఆగిపోతాడు. ఆ వాక్యాన్ని ఆయన ఏ సినిమాలోనూ పూర్తి చేయలేదు. క్రియలేని వాక్యం మీద ముప్పై ఏళ్ళపాటు జనాన్ని నవ్వించిన నటుడు మరొకడు ఉండడు. వ్యాకరణం తెలిసినవాళ్ళు కూడా అందుకు ఆయనను క్షమించారు.

జానకిరామ్ అమలాపురంలో చదువుకునే రోజుల్లోనే ఆ గొంతు పట్టుకున్నాడు. హాస్టలులో అది అతనికి కొంత పేరు తెచ్చింది. తరువాత ఉద్యోగం, పెళ్ళి, దేశం మారడం, వీటి మధ్య ఆ గొంతు ఎక్కడో అడుగున పడిపోయింది. మళ్ళీ దాన్ని పైకి తీసింది కూతురు రిషిత.

ఆ పిల్లకు ఐదేళ్ళప్పుడు ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా దురదలు, కళ్ళనిండా నీళ్ళు. ఏ కథ చెప్పినా వినదు. జానకిరామ్ తోచక ఫోనులో ఒక ప్రకృతి వీడియో పెట్టాడు. ఎర్రముక్కు సముద్రపక్షులు కొండకొమ్మున బారుతీరి నిలబడి ఉన్నాయి. వ్యాఖ్యానం చెప్పేవాడి గంభీరమైన ఇంగ్లీషు పిల్లకు నచ్చక ఏడుపు పెంచింది. అతను శబ్దం ఆపేశాడు. అప్పుడు బారులో చిట్టచివరి పక్షి, పొట్ట ముందుకు పెట్టుకుని, చేపలున్నవాళ్ళ వైపు చూడకుండా నడిచింది. జానకిరామ్ నోటివెంట అనుకోకుండానే సింహాచలం వచ్చాడు. "నేను చేపలకు రాలేదండీ. ఇటుగా పోతూ..."

పిల్ల ఏడుపు ఆపి పక్షిని చూసింది, తండ్రిని చూసింది, మళ్ళీ పక్షిని చూసింది. ఇంకొకసారి అనమంది.

ఏడేళ్ళుగా ఆ ఆట నడుస్తోంది. సాయంత్రం కాఫీ వేళకు సోఫాలో ఇద్దరూ చేరతారు. శబ్దం తీసేసిన వీడియోలో నీటికుక్కలు, సీలు జంతువులు, ముళ్ళపందులు, గుడ్లగూబలు వచ్చిపోతుంటాయి. తండ్రి ఒక జంతువు, కూతురు ఒక జంతువు. ఇంట్లో తెలుగులో ఏమడిగినా ఇంగ్లీషులో, అదీ అచ్చమైన మేయో జిల్లా యాసలో జవాబు చెప్పే రిషిత, ఆ సోఫాలో మాత్రం తెలుగులో మాట్లాడేది. అది కుంటుతూ నడిచే తెలుగే. కానీ ముళ్ళపంది కుంటితే ఎవరు తప్పుపడతారు? జంతువులను మన భాష అది, ఇది అని నపుంసకలింగంలో పెట్టి ఊరుకుంటుంది. ఆ సోఫా మీద మాత్రం గుడ్లగూబ వచ్చారు, సీలుగారు వెళ్ళిపోయారు. ఇంత మర్యాద వాటికి ఏ దేశంలోనూ దక్కి ఉండదు.

జానకిరామ్‌కు ఆ ఆట అవసరమని చంద్రకళకు తెలుసు. అతను చేసేది వైద్య పరికరాల ఫ్యాక్టరీలో తనిఖీ పని. రక్తనాళాల్లోకి పంపే వెంట్రుకంత గొట్టాలను భూతద్దం కింద తిప్పి తిప్పి చూడాలి. ధూళి చొరబడని గదిలో అందరూ తలనుంచి కాళ్ళదాకా తెల్లటి ముసుగుల్లో ఉంటారు. కళ్ళు తప్ప ముఖాలు కనపడవు. పక్కమనిషి నవ్వాడో లేదో కంటికొసల ముడతలను బట్టి ఊహించుకోవాలి. రోజంతా అలా మాటలు లేకుండా చూసిన కళ్ళకు, సాయంత్రం మాటలు లేని జంతువులు కనబడితే, వాటికి మాటలు ఇవ్వబుద్ధి కావడం వింత కాదు.

సింహాచలం పోయిన మర్నాడు రిషిత ఫోను పట్టుకుని వచ్చింది. వీడియోలో ఒక నీటికుక్క వెల్లకిలా తేలుతూ, చేతులు పొట్టమీద కట్టుకుని, ఒడ్డున ఉన్నవాళ్ళను పట్టించుకోనట్లు ప్రవాహంలో పోతోంది. సింహాచలం కోసమే పుట్టిన నీటికుక్క అది. జానకిరామ్ నోరు తెరిచాడు. గొంతు రాలేదు. నిన్నటివరకూ అది హైదరాబాదులో బతికున్న ఒక మనిషి దగ్గర చేబదులు తెచ్చుకున్న గొంతు. ఈరోజు ఆ మనిషి లేడు. లేనివాడి గొంతు ఎత్తడమంటే ఆయన చెప్పులు తొడుక్కుని వీధిలో తిరిగినట్లు అనిపించింది అతనికి.

"ఇవాళ వద్దమ్మా" అన్నాడు.

"గ్రాండ్" అంది రిషిత.

ఐరిష్‌వాళ్ళ గ్రాండ్ అన్న మాటకు నిఘంటువులో అర్థం వెతకడం వృథా. బాగుంది, ఫరవాలేదు, చాలు, నన్ను వదిలెయ్యి, ఇవన్నీ అదే మాటతో అంటారు. ఏ గ్రాండ్ ఏదో పలికిన తీరునుబట్టి గ్రహించాలి. ఆ రోజు గ్రాండ్ మెత్తగానే ఉంది. తరువాత వారం అది పొట్టిదైంది. మూడోవారానికి ఆ పిల్ల అడగడమే మానేసింది. కాఫీ వేళకు మెట్లెక్కి తన గదిలోకి పోయేది. సోఫాలో ఆమె కూర్చునే చోట దిండు ఉబ్బి, ఎవరూ కూర్చోని దిండులా తయారైంది.

జానకిరామ్‌కు భయం పట్టుకుంది. పన్నెండేళ్ళ పిల్ల. ఈ వయసులో తలుపు మూసుకోవడం మొదలైతే తిరిగి తెరిచేసరికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికి తెలుసు? తనకూ ఆ పిల్లకూ మధ్య ఉన్నది ఆ ఒక్క ఆటే. చదువు సంగతులు తల్లితో మాట్లాడుతుంది, స్నేహితుల సంగతులు ఎవరితోనూ మాట్లాడదు. తనతో మాట్లాడేది జంతువై మాత్రమే. ఆ ఆట పోతే తామిద్దరూ ఒకే ఇంట్లో మర్యాదగా తిరిగే ఇద్దరు మనుషులుగా మిగిలిపోతారు. ఇది తెలిసీ అతను నోరు తెరవలేకపోయాడు. ఒకటి రెండుసార్లు కారులో ఒంటరిగా ప్రయత్నించాడు. సింహాచలం రాలేదు.

ఇంతలో పక్కింటి కెవిన్ వల్ల మరొక చిక్కు వచ్చింది. కెవిన్ గార్డుగా, అంటే ఇక్కడి పోలీసుగా, పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన. వార్త వచ్చిన వారంలోనే ఒకనాడు గోడ అవతలనుంచి జానకిరామ్ ముఖం చూసి, ఎవరైనా పోయారా, మీ ఇంటివాళ్ళా అని అడిగాడు. జానకిరామ్ తల ఊపాడు. అవునన్నట్లూ కాదన్నట్లూ రెండురకాలుగా అర్థం చెప్పుకోదగిన మన ఊపే ఊపాడు. దాన్ని కెవిన్ అవుననే తీసుకున్నాడు. ఆ సాయంత్రమే కోటూ టైతో, చేతిలో ఆపిల్ టార్ట్‌తో వచ్చి, జానకిరామ్ చేతిని రెండు చేతులతో పట్టుకుని, మీకు వచ్చిన కష్టానికి నాకు విచారంగా ఉందని చెప్పి, కూర్చోకుండా వెళ్ళిపోయాడు.

ఈ ఊళ్ళో చావును చాలా గౌరవంగా చూస్తారు. రేడియోలో రోజూ పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ముఖపరిచయం ఉన్నా చాలు, వెళ్ళి వరుసలో నిలబడి కుటుంబంలో ప్రతివాళ్ళ చేయీ పట్టుకుని వస్తారు. అలాంటి చోట, తెరమీద తప్ప చూడని మనిషి కోసం నిజమైన పరామర్శ పుచ్చుకున్నానే అని జానకిరామ్ కుమిలిపోయాడు. చంద్రకళ మాత్రం టార్ట్ ముక్కలు కోస్తూ, సింహాచలంగారు పోయి కూడా మనకు పిలవని భోజనం పెట్టించారండీ అంది. నవ్వు రావలసిన మాటే. అతనికి రాలేదు.

అప్పుడు ఆమె ఆలోచనలో పడింది. చంద్రకళకు దుఃఖం పట్ల చులకన లేదు. దానికి ఒక పద్ధతి లేకపోవడమే ఆమెకు నచ్చదు. నీళ్ళు పోసుకోవడంతో మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు, అందుకే ఆయన వెళ్ళకుండా మీ గొంతులో కూర్చున్నారు అంది. నెల తిరిగాక వచ్చే శనివారం గారెలు వండి కాకికి పెడదామంది. ఏ తిథి నాడైనా పోనీ, ఈ దేశంలో పెద్దల పనులు కూడా శనివారానికి సర్దుకోక తప్పదు. గారెలంటే ఆయనకు ఇష్టమని ఎక్కడో చదివానని జానకిరామ్ అన్నాడు.

ఒకే ఒక్క సందేహం మిగిలింది. కాజిల్‌బార్ కాకి మన కాకి కాదు. దాని తలా రెక్కలూ తోకా నలుపు, ఒళ్ళంతా బూడిదరంగు. చంద్రకళ తెనాలిలో ఉన్న తన పిన్ని లక్ష్మీకాంతానికి ఫోను చేసి, ఇక్కడి కాకి బూడిదరంగులో ఉంటుంది, పనికొస్తుందా అని అడిగింది.

"మన కాకి మెడ ఏ రంగే?" అంది పిన్ని. "నలభై ఏళ్ళొచ్చాయి, ఎప్పుడైనా తలెత్తి చూశావా? అదీ బూడిదే. పెట్టండి, తింటుంది. ఇంతకీ పోయిందెవరు?"

చంద్రకళ చెప్పింది. పిన్ని, రెండు ఎక్కువ వెయ్యవే, నా తరపున కూడా అని ఫోను పెట్టేసింది.

శనివారం వాన లేదు. డిసెంబరు ఎండ పలచటి మజ్జిగలా గడ్డిమీద పడి ఉంది. చంద్రకళ గారెలను అరిటాకు దొరకక తెల్లటి పింగాణీ పళ్ళెంలో పెట్టి పెరటిగోడ మీద ఉంచింది. మనిషి నిలబడితే ఇక్కడి పక్షులు దరికి రావు. అందుకని జానకిరామ్, రాత్రిళ్ళు తన పెరట్లోకి వచ్చే ముళ్ళపందులను చూడడానికి కెవిన్ పెట్టుకున్న చిన్న కెమెరా అడిగి తెచ్చాడు. ఎదుట ఏదైనా కదిలితే తనంతట తానే బొమ్మ పట్టే కెమెరా అది. ఇంటి పెద్దవాళ్ళకు తిథి పెట్టినప్పుడు కాకి ముట్టిందో లేదో చూడడానికి కెమెరా పెట్టిన మొదటివాళ్ళు తామే అయి ఉంటారని చంద్రకళ అంది. మధ్యాహ్నానికి పళ్ళెం ఖాళీ. ఎవరు తిన్నారో తెలియదు.

కెమెరాలోని కార్డు ఎలా తీయాలో చూపించడానికి కెవిన్ వచ్చాడు. వంటగది బల్లమీద ల్యాప్‌టాప్ పెట్టారు. ఫోను ఛార్జరు కోసం కిందికి వచ్చిన రిషిత ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడింది, తనకేమీ పట్టనట్లు. కార్డు పెడుతూ కెవిన్, మీ బంధువు ఏం పనిచేసేవారు అని సౌమ్యంగా అడిగాడు. జానకిరామ్ ఇంక దాచలేకపోయాడు. ఆయన బంధువు కాడనీ, తాను ఆయనను ఎన్నడూ కలవలేదనీ, సినిమాల్లో హాస్యనటుడనీ, మీ పరామర్శ మోసంచేసి పుచ్చుకున్నాననీ చెప్పి తలవంచుకున్నాడు.

కెవిన్ కార్డును ల్యాప్‌టాప్‌లోకి నెట్టాడు. తరువాత చెప్పాడు. వాళ్ళ చిన్నప్పుడు ఆదివారాలు రేడియోలో ఫుట్‌బాల్ ఆట వర్ణించే ఒకాయన ఉండేవాడట. ఆయన పోయినప్పుడు కెవిన్ వానలో దేశం అడ్డంగా కారు నడుపుకుంటూ వెళ్ళి, చర్చి బయట వరుసలో నిలబడి, ఆయన భార్య చేయి పట్టుకున్నాడట. మీరెవరని ఆమె అడిగిందట.

"ఆయన నాకు తెలుసు, నేను ఆయనకు తెలియను. అంతే తేడా అని చెప్పాను" అన్నాడు కెవిన్. "ఆవిడ నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది."

ఏమవుతాడు అన్న ప్రశ్నకు వరుసల్లో లేని జవాబు అది. చంద్రకళ కెవిన్‌కు ఇంకొక కప్పు టీ పోసింది.

వీడియో మొదలైంది. గోడ, పళ్ళెం, గారెలు, వెనక ఆకులు రాలిన కొమ్మలు. శబ్దం లేదు. ఒక కాకి వచ్చి గోడ చివర వాలింది. బూడిదరంగు చేతుల్లేని కోటు తొడుక్కున్నట్లుంది. రెక్కలు రెండూ వీపుమీద చేతులు కట్టుకున్నట్లు మడుచుకుని, మెడ ముందుకు చాపి, ఒక్కొక్క అడుగే వేస్తూ పళ్ళెం వైపు నడిచింది. పళ్ళెం దగ్గరకు రాగానే ఆగింది. గారెలను చూడలేదు. తల పక్కకు తిప్పి కొమ్మలను పరీక్షించింది. గోడ రాయిని పరీక్షించింది. పళ్ళేన్ని దాటి రెండడుగులు వేసి, ఏదో జ్ఞాపకం వచ్చినట్లు నిలబడి, మెల్లగా వెనక్కి తిరిగింది.

జానకిరామ్ చూపు మసకబారింది. మాట పెదవుల దాకా వచ్చి ఆగింది. ఆ క్షణంలో ఫ్రిజ్ దగ్గరనుంచి ఒక గొంతు వినిపించింది. పన్నెండేళ్ళ గొంతు, ముదుసలి బరువు తెచ్చిపెట్టుకుని, మేయో యాస మీద కోనసీమ సాగదీత వేసుకుని.

"నేను గారెలకు రాలేదండీ. ఇటుగా పోతూ..."

చంద్రకళ ముందు నవ్వింది. తరువాత కెవిన్, ఒక్క ముక్క తెలియకపోయినా, కాకిని చూసి నవ్వాడు. జానకిరామ్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో చూసేవాళ్ళకు తేలలేదు. అతని కంటికొసల ముడతలు మాత్రం పనిచేస్తున్నాయి. తెరమీద కాకి ఒక గారెను ముక్కున కరుచుకుంది. దానికి గొంతు ఇవ్వవలసిన అవసరం లేదు. పళ్ళేనికి ఇవ్వాలి. జానకిరామ్ గొంతు సవరించుకుని, సింహాచలం గొంతుతో కాదు, తన గొంతుతోనే, "వచ్చారుగా, రెండు పుచ్చుకుని వెళ్ళండి" అన్నాడు.

రిషిత వచ్చి తండ్రి పక్క కుర్చీలో కూర్చుని, వీడియో మొదటినుంచి పెట్టమంది.

ఆ తరువాత ఆరేళ్ళకు, ఆ పిల్ల గాల్వేలో యూనివర్సిటీ చదువుకు వెళ్ళిన శరత్కాలంలో, జానకిరామ్ ఆమెకు పంపిన ఉత్తరం ఇది.

కాజిల్‌బార్,
19 అక్టోబరు 2025.

చిరంజీవి రిషితకు,

నీకు తెలుగు చదవడం కూడబలుక్కోవడమే గనుక అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఫోనులో చెప్పవచ్చుగా అని అమ్మ అంటోంది. కొన్ని ఫోనులో ఇమడవు.

గాల్వే కాలవ దగ్గర హంసల వీడియో పంపావు. శబ్దం తీసేసి పంపావు, కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. ఎందుకు పంపావో అర్థమైంది. హాస్టలులో మొదటి నెల నాకూ అలాగే ఉండేది. నాలుగుసార్లు చూశాను. కెవిన్ కూడా చూశాడు. ఆయనకు మోకాళ్ళు బాగా లేవు, గోడ దాకా రాలేక కిటికీలోంచి పలకరిస్తున్నాడు. ఆ పెద్దహంస తన ఊళ్ళో గార్డుగా చేసిన సార్జంటులా ఉందన్నాడు.

కాకి ఇంకా వస్తోంది. అదేనో, దాని పిల్లో తెలియదు. గారెలు చేసిన రోజే వస్తుందని అమ్మ వాదన. చెయ్యని రోజు నువ్వు చూడటంలేదని నా వాదన.

నాకిప్పుడు సింహాచలంగారి గొంతు సరిగా రావడంలేదు. వయసుతో నాది బొంగురుపోయింది. ఆయనది నీ దగ్గరే బాగుంది, ఉంచుకో.

హంసల సంభాషణ కింద రాశాను. ఒడ్డున ఉన్న హంసకు నేను రాశాను. నీళ్ళలో ఒంటరిగా ఉన్న చిన్నహంసది నీ వంతు, అక్కడ ఖాళీ వదిలాను. పూర్తిచేసి తిరిగి పంపు. తప్పులున్నా ఫరవాలేదు, హంసలు పట్టించుకోవు.

ఒడ్డున హంస: ఏమ్మా, ఒక్కదానివే ఉన్నావు? భోజనం అయిందా?

నీళ్ళలో హంస: